నాలుగో మెట్టు మీద కాపురం

శనివారం సాయంత్రం 5 గంటలు. ఇంగ్లండ్‌లో కొన్ని తరాల పాటు ఆ సమయానికి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఇంటిపెద్ద టీ కప్పు పక్కన పెట్టుకుని, చేతిలో పెన్సిలూ కూపనూ పట్టుకుని రేడియో ముందు కూర్చునేవాడు. బీబీసీలో ఆ రోజు జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ఫలితాలు ఒక్కొక్కటే చదువుతారు. ఏయే మ్యాచ్‌లు డ్రా అవుతాయో సరిగ్గా ఊహించి కూపన్ నింపినవాళ్లకు డబ్బే డబ్బు. 1923లో లివర్‌పూల్‌లో లిటిల్‌వుడ్స్ వాళ్లు మొదలుపెట్టిన ఈ పందెం దేశాన్ని దశాబ్దాల పాటు ఊపేసింది. 1974 నుంచి 2013 దాకా రేడియోలో ఆ ఫలితాలు చదివిన జేమ్స్ అలెగ్జాండర్ గోర్డన్ గొంతులో ఓ తమాషా ఉండేది. మొదటి జట్టు పేరూ గోల్సూ చెప్పి, రెండో జట్టు పేరు పలికే తీరులోనే ఎవరు గెలిచారో తెలిసిపోయేది. గెలిస్తే గొంతు లేచేది, ఓడితే వాలిపోయేది.

మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్, లివర్‌పూల్... ఈ పేర్లు ఎలాగూ అందరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చేవే అసలు సంగతి. రోచ్‌డేల్, హార్టిల్‌పూల్, క్రూ అలెగ్జాండ్రా, అక్రింగ్టన్ స్టాన్లీ, ఎక్సెటర్ సిటీ, గ్రిమ్స్‌బీ టౌన్. ఆ ఊళ్లు ఎక్కడున్నాయో మ్యాపులో చూపించలేని పిల్లలకు కూడా ఆ పేర్లు కంఠతా వచ్చేవి. వినీ వినీ ఓ అభిప్రాయం కూడా స్థిరపడిపోయింది. ఈ జట్లు పుట్టిందే కింది డివిజన్ల కోసం! పైకి వెళ్తే వీటికి నప్పదు. అరుగు మీద కూర్చునే తాతను తీసుకెళ్లి ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అభిమానులు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఈ చర్చ వస్తుంది. 'ఏ క్లబ్బు ఏ డివిజన్‌లో ఉంటే చూడముచ్చటగా ఉంటుంది?' అని. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఈ ప్రశ్న వెనక ఓ ఊరి పరువుంది. కొన్ని చోట్ల ప్రాణం కూడా ఉంది.

ముందు మెట్ల లెక్క చూద్దాం. పైన ప్రీమియర్ లీగులో 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ... ఒక్కోదానిలో 24. మొత్తం 92. పేర్లు చూసి మోసపోకూడదు. లీగ్ వన్ అంటే మూడో మెట్టు, లీగ్ టూ అంటే నాలుగోది! 2004లో పెట్టిన పేర్లివి. అంతకు ముందు ఇవే సెకండ్ డివిజన్, థర్డ్ డివిజన్. 1992కు ముందైతే థర్డ్, ఫోర్త్. కింద ఉన్నవాళ్లకు మెట్టు మారకుండానే పేరు మారుతూ వచ్చిందన్నమాట. బాగా ఆడితే పై మెట్టు ఎక్కాలి, చెత్తగా ఆడితే కిందికి దిగాలి. ఎక్కడం దిగడం ఏటా జరిగేదే కదా, మరి ఫలానా జట్టుకు ఫలానా మెట్టే సహజం అన్న మాట ఎలా పుట్టింది?

దానికి జవాబు రోచ్‌డేల్‌లో దొరుకుతుంది.

రోచ్‌డేల్ మాంచెస్టర్‌కు కూతవేటు దూరంలోని పట్టణం. ఒకప్పుడు నూలు మిల్లులకు ప్రసిద్ధి. 1844లో ఇక్కడి చేతివృత్తులవాళ్లు కొందరు తలా కొంత వేసుకుని టోడ్ లేన్ అనే వీధిలో ఓ సరుకుల దుకాణం పెట్టారు. ప్రపంచ సహకారోద్యమ చరిత్ర మొదటి పేజీలో కనిపించేది ఆ దుకాణమే. అంతటి ఊరికి ఫుట్‌బాల్‌లో దక్కిన కీర్తి మాత్రం వేరు. ఆ క్లబ్బు 1921లో లీగులో చేరింది. మూడో మెట్టు దాటి పైకి ఎన్నడూ వెళ్లలేదు. 1973-74లో 46 మ్యాచ్‌లు ఆడి రెండంటే రెండే గెలిచింది. అది దేశంలో కరెంటు కరవు వచ్చిన శీతాకాలం. ఫ్లడ్‌లైట్లు వేయకూడదన్నారు. దాంతో కేంబ్రిడ్జ్ యునైటెడ్‌తో మ్యాచ్ పనిదినాన పట్టపగలు పెట్టుకోవాల్సి వచ్చింది. చూడ్డానికి వచ్చింది 450 మంది! ఆ ఏడాది నాలుగో మెట్టుకు దిగిన జట్టు తిరిగి మూడో మెట్టు ఎక్కింది 2010లో. అంటే 36 ఏళ్లు కదలకుండా అక్కడే. చివరికి జనం ఆ డివిజన్‌నే 'రోచ్‌డేల్ డివిజన్' అని పిలవడం మొదలెట్టారు. సత్రంలో దిగిన బాటసారి అక్కడే ఉండిపోతే సత్రానికి అతని పేరే పెట్టినట్టు.

వెక్కిరింతే. కానీ ఆ ఊరివాళ్లు దాన్ని ఎలా తీసుకున్నారన్నదే విశేషం. 36 ఏళ్లలో పుట్టిన పిల్లాడు పెరిగి, పెళ్లి చేసుకుని, తన పిల్లల్ని భుజాన ఎక్కించుకుని స్పాట్‌ల్యాండ్ మైదానానికి వచ్చేంత కాలం. ఆ పక్కనే పదిపదిహేను మైళ్ల దూరంలో మాంచెస్టర్ యునైటెడ్ కప్పుల మీద కప్పులు కొడుతోంది. ట్రామో బస్సో ఎక్కితే చాలు, గెలిచే జట్టుకు జేజేలు కొట్టి రావచ్చు. చాలామంది అలాగే వెళ్లారు కూడా. రెండు మూడు వేల మంది మాత్రం వెళ్లలేదు. గెలుపు కోసమే అయితే వాళ్లు ఎప్పుడో మానేసేవాళ్లు.

అలాగని రోచ్‌డేల్‌కు పండగలే లేవనుకుంటే పొరపాటు. 1962లో నాలుగో మెట్టు మీద ఉండి లీగ్ కప్ ఫైనల్‌కు వెళ్లింది. నార్విచ్ సిటీ చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 4-0తో ఓడింది, అది వేరే మాట. 2018 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్‌లో టాటెన్‌హామ్ వచ్చింది. ఇక అయిపోయిందనుకుంటుండగా ఆఖరి నిమిషాల్లో స్టీవ్ డేవిస్ గోల్ కొట్టాడు. 2-2! అప్పటి నియమం ప్రకారం మళ్లీ ఆడాలి. ఈసారి లండన్‌లో, వెంబ్లీ మైదానంలో. మంచు కురుస్తుండగా 6-1తో ఓడిపోయారు. ఆ ఓటమి గురించి రోచ్‌డేల్‌లో ఎవరూ పెద్దగా బాధపడలేదు. వెంబ్లీలో గోల్ కొట్టి వచ్చాం కదా, చాలు.

ఓటేసి ఉంచుకునేవాళ్లు

ఒక్క మాట చెప్పుకోకపోతే ఈ 'సహజం' కథ సగమే అవుతుంది. 1986 దాకా నాలుగో మెట్టు నుంచి కిందికి దిగడం అనేది ఆట తేల్చేది కాదు. అట్టడుగున మిగిలిన నలుగురూ 'మమ్మల్ని ఉంచండి బాబూ' అని మిగతా క్లబ్బులకు దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లు ఓట్లేస్తారు. బయటినుంచి ఓ కొత్త క్లబ్బు ఎంత బాగా ఆడుతున్నా సరే, ఓట్లు పడకపోతే గుమ్మం బయటే. తోటి సభ్యులన్న మొహమాటంతో పాతవాళ్లకే ఓట్లు పడేవి. పాత కాలపు క్లబ్బుల్లో సభ్యత్వం లాంటిది, ఒకసారి వస్తే పోవడం కష్టం.

1980లో రోచ్‌డేల్ అట్టడుగున ఉంది. పోటీకి వచ్చిన ఆల్ట్రింక్‌హామ్ మీద ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. 26-25. అంతకు రెండేళ్ల ముందు ఇంకా విడ్డూరం జరిగింది. అట్టడుగున ఉన్న రోచ్‌డేల్‌ను ఉంచేసి దానికన్నా ఓ స్థానం పైన ఉన్న సౌత్‌పోర్ట్‌ను పంపేశారు. దాని బదులు తీసుకున్న క్లబ్బు విగాన్ అథ్లెటిక్. అదే విగాన్ 2013లో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తుకుపోయింది. సౌత్‌పోర్ట్ వాళ్లు ఆ మ్యాచ్ చూస్తూ ఏమనుకుని ఉంటారో!

ఈ దరఖాస్తుల్లో రికార్డు హార్టిల్‌పూల్‌ది. 14 సార్లు పెట్టుకుంది, 14 సార్లూ గట్టెక్కింది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరిమీద ఓ పాత కథ ఉంది. నెపోలియన్‌తో యుద్ధాలు జరిగే కాలంలో ఓ ఫ్రెంచి ఓడ మునిగిపోయి, అందులోంచి ఓ కోతి మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. ఫ్రెంచివాణ్ని ఎన్నడూ చూడని జనం దాన్నే శత్రు గూఢచారి అనుకుని ఉరి తీశారట. నిజమో కాదో గానీ, 'కోతిని ఉరితీసినవాళ్లు' అని ఎదుటి జట్ల అభిమానులు వాళ్లను ఏడిపిస్తూనే ఉంటారు. హార్టిల్‌పూల్ వాళ్లు ఏం చేశారు? కోతినే తమ క్లబ్బు చిహ్నం చేసుకున్నారు. మ్యాచ్‌ల రోజు కోతి వేషం కట్టి గెంతే స్టూవర్ట్ డ్రమండ్ అనే యువకుడు 2002లో మేయర్ ఎన్నికల్లో నిలబడ్డాడు. బడిపిల్లలకు ఉచితంగా అరటిపళ్లు ఇస్తానన్నది అతని వాగ్దానం. సరదాకి వేసిన నామినేషన్ కాస్తా గెలుపైపోయింది. ఆ తర్వాత 2005లో, 2009లో కూడా అతనే గెలిచాడు. అవి మాత్రం సరదా గెలుపులు కావు. అన్నట్టు, తర్వాతి రోజుల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు రెండుసార్లు యూరోపియన్ కప్ తెచ్చిపెట్టిన బ్రయాన్ క్లఫ్ మేనేజరుగా ఓనమాలు దిద్దింది కూడా ఇక్కడే, 1965లో.

ఓట్ల పద్ధతి పోయి, ఆఖరున నిలిచినవాడు దిగాల్సిందే అన్న నియమం 1986-87 సీజన్‌తో వచ్చింది. ఆ సీజన్ ఆఖరి రోజు ఓ పోలీసు కుక్క చరిత్రకెక్కింది. టార్కీ యునైటెడ్ 2-1తో ఓడిపోతోంది. అలాగే ముగిస్తే లీగు నుంచి వెళ్లిపోవాల్సిందే. టార్కీ ఆటగాడు జిమ్ మెక్‌నికల్ బంతి కోసం గీత వైపు పరుగెత్తుకొచ్చాడు. తన పోలీసు యజమాని మీదికే వస్తున్నాడనుకుందో ఏమో, బ్రిన్ అనే ఆ కుక్క అతని తొడ పట్టేసింది. వైద్యం చేసేసరికి కొన్ని నిమిషాలు గడిచాయి. రిఫరీ ఆ సమయాన్ని ఆఖర్లో కలిపాడు. ఆ కలిపిన సమయంలోనే పాల్ డాబ్సన్ గోల్ కొట్టాడు. టార్కీ మిగిలింది, లింకన్ సిటీ దిగిపోయింది. అప్పుడు చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డ ఇంకో క్లబ్బు బర్న్‌లీ. 1888లో లీగును స్థాపించిన 12 క్లబ్బుల్లో అదొకటి. 1960లో దేశ ఛాంపియన్!

పుట్టుకతో పెద్దింటి బిడ్డ అయినా నాలుగో మెట్టు దాకా రావచ్చని బర్న్‌లీ రుజువు చేసింది. అదొక్కటే కాదు. వోల్వ్స్, బోల్టన్ కూడా స్థాపకులే. ఇద్దరూ నాలుగో మెట్టు రుచి చూశారు. 1862లో పుట్టిన నాట్స్ కౌంటీ అయితే ప్రపంచంలోకెల్లా పాత ప్రొఫెషనల్ క్లబ్బుగా పేరున్నది. 1903లో ఇటలీ నుంచి జువెంటస్ వాళ్లు చొక్కాలు కావాలంటే నాటింగ్‌హామ్ నుంచి వెళ్లినవి ఈ క్లబ్బు నలుపు తెలుపు చారల చొక్కాలే. చొక్కా ఎరువు తీసుకున్నవాడు యూరప్‌ను ఏలాడు, ఇచ్చినవాడు 2019లో లీగు నుంచే జారిపోయి నాలుగేళ్లకు గానీ తిరిగి రాలేదు. 2009లో దీనికి ఓ కల కూడా వచ్చింది. గల్ఫ్ డబ్బు వెనక ఉందంటూ కొత్త యజమానులు దిగారు. ఇంగ్లండ్ జట్టుకు కోచ్‌గా చేసిన స్వెన్ గోరాన్ ఎరిక్సన్‌ను తెచ్చారు. సోల్ క్యాంప్‌బెల్‌తో అయిదేళ్ల ఒప్పందం రాయించారు. అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ మోర్‌క్యాంబ్ చేతిలో ఓటమి. కొద్ది నెలల్లోనే కల చెదిరి అప్పులు మిగిలాయి.

నిలబడి చూసే ఆట

సరే, కొన్ని జట్లు కింది మెట్టుకే నప్పుతాయనిపించడానికి కంటికి కనిపించే కారణం ఒకటుంది. మైదానం. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మందిని బలిగొంది. దాని మీద 1990లో వచ్చిన నివేదికతో పై రెండు డివిజన్లలో నిలబడి చూసే మెట్లన్నీ తీసేసి కుర్చీలు వేయాలన్నారు. కింది రెండు డివిజన్లకు ఆ నిర్బంధం లేదు. అందుకే పైన స్టేడియాలన్నీ విమానాశ్రయాల్లా తయారైతే, కింద ఇంకా సిమెంటు మెట్ల మీద భుజం భుజం రాసుకుంటూ నిలబడి, చేతిలో వేడి వేడి మీట్ పై పట్టుకుని చూసే అలవాటు మిగిలింది. ఆటగాడు బూతు మాట అంటే వినిపిస్తుంది. ప్రేక్షకుడు అన్నా అతనికి వినిపిస్తుంది!

గ్రిమ్స్‌బీ టౌన్‌ను చూడండి. చేపల రేవు ఊరు. క్లబ్బు మైదానం బ్లండెల్ పార్క్ ఉన్నది మాత్రం గ్రిమ్స్‌బీలో కాదు, పక్కనున్న క్లీథోర్ప్స్‌లో. 'అన్ని మ్యాచ్‌లూ పరాయి ఊళ్లోనే ఆడే జట్టు' అన్న జోకు అందుకే పుట్టింది. అభిమానులు గాలి ఊదిన రబ్బరు చేపలు పట్టుకుని వస్తారు. ఇంతకన్నా నాలుగో మెట్టు జట్టు ఎక్కడుంటుంది? అనుకుంటాం. కానీ 1930ల్లో ఇదే క్లబ్బు మొదటి డివిజన్‌లో ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇప్పటికీ చెరగని ప్రేక్షకుల రికార్డు 76,962. అది మాంచెస్టర్ యునైటెడ్ ఆడిన మ్యాచ్‌కు కాదు. 1939లో అక్కడ జరిగిన ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌కు. ఆడింది వోల్వ్స్, గ్రిమ్స్‌బీ. ఇక 2025 ఆగస్టు 27న అదే మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ కప్ ఆడేందుకు బ్లండెల్ పార్క్‌కు వచ్చింది. 2-2తో ముగిసి, పెనాల్టీలు మొదలై, ఎంతకీ తెగక చివరికి 12-11తో గ్రిమ్స్‌బీ గెలిచింది. లీగ్ టూ జట్టు! ఆ రాత్రి క్లీథోర్ప్స్‌లో రబ్బరు చేపలకు నిద్ర లేదు.

మరి కింద అస్సలు నప్పని జట్లు? అవీ ఉన్నాయి. మాంచెస్టర్ సిటీ 1998-99 సీజన్ మూడో మెట్టు మీద గడిపిందంటే నేటి పిల్లలు నమ్మరు. పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు యార్క్ లాంటి చిన్న ఊరికి వెళ్లి ఓడి వచ్చింది. జనం మాత్రం తగ్గలేదు. సొంత మైదానంలో మ్యాచ్‌కు సగటున పాతిక వేలు దాటేవారు. ప్లేఆఫ్ ఫైనల్‌లో గిల్లింగ్‌హామ్ మీద 90 నిమిషాలు కావస్తుండగా 2-0తో వెనకబడింది. హార్లాక్ ఒకటి, అదనపు సమయంలో డికోవ్ ఒకటి కొట్టారు. పెనాల్టీల్లో గెలిచింది. ఆ ఇద్దరి కాళ్లు ఆ రెండు క్షణాల్లో తడబడి ఉంటే తర్వాత కథ ఎలా నడిచేదో!

లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌తో తెలుగువాళ్లకు చిన్న చుట్టరికం ఉంది. స్థాపకుల్లో ఒకటైన ఈ క్లబ్బు, స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బుతో 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. 2010 నవంబరులో దీన్ని కొన్నది కోళ్ల పరిశ్రమలో పేరున్న వెంకీస్. గుడ్ల ధరల పట్టికతో మన పత్రికల్లో రోజూ కనిపించే 'నెక్'ను నిలబెట్టిన బి.వి.రావు కుటుంబమే అది. కొన్న కొద్దికాలానికే మేనేజరును మార్చారు. 2012లో జట్టు ప్రీమియర్ లీగు నుంచి దిగిపోయింది. దిగిపోయిన ఆ మ్యాచ్‌లో కోపమొచ్చిన అభిమానులెవరో క్లబ్బు జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో ఇంకో మెట్టు దిగి లీగ్ వన్. మరుసటి ఏడే పైకొచ్చిందనుకోండి. బ్లాక్‌బర్న్ ఊరు చిన్నది. జాక్ వాకర్ లేకపోతే ఆ క్లబ్బు సహజ స్థానం రెండో మెట్టేనని పెద్ద నగరాల వాళ్లు అంటుంటారు. బ్లాక్‌బర్న్‌లో ఆ మాట అంటే మాత్రం టీ కూడా పోయరు.

నిజానికి 'సహజ స్థానం' అనే మాట వాడేది ఎప్పుడూ పైనున్నవాళ్లే. బోర్న్‌మత్ 1923 నుంచి 1970 దాకా మూడో మెట్టు దాటలేదు. 2008-09లో మైనస్ 17 పాయింట్లతో సీజన్ మొదలుపెట్టింది. అప్పులకు శిక్ష అది. 31 ఏళ్ల ఎడీ హోవ్ చేతికి జట్టును అప్పగిస్తే గట్టెక్కించాడు. 2015లో అదే జట్టు, అదే 11 వేల మంది పట్టే మైదానంతో ప్రీమియర్ లీగుకు ఎక్కింది. వేల్స్‌లోని రెక్సామ్‌ను 2021లో ఇద్దరు హాలీవుడ్ నటులు కొన్నారు. 2023, 2024, 2025... వరసగా మూడేళ్లు మూడు మెట్లు. ఓడలు బళ్లవడం, బళ్లు ఓడలవడం అంటే ఇదే. కాకపోతే ఈ బండికి టైర్లు వేసింది డబ్బు. ప్రీమియర్ లీగులో ఆఖరున నిలిచిన జట్టుకు కూడా ఈమధ్య ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైనే టీవీ తదితర వాటాలు వస్తున్నాయి. నాలుగో మెట్టు మీద ఉన్నవాడు టికెట్లూ మీట్ పైలూ అమ్ముకుని దాన్ని అందుకోవాలంటే ఎన్ని జన్మలెత్తాలి?

అందుకే కింది మెట్టు మీద అసలు భయం ఓటమి కాదు. తప్పుడు యజమాని చేతికి చిక్కడం.

బరీ అదే భయానికి బలైంది. 1885లో పుట్టింది. అప్పటినుంచీ ఒకటే మైదానం, గిగ్ లేన్. 1900లో ఎఫ్ఏ కప్ గెలిచింది. 1903లో మళ్లీ గెలిచింది, టోర్నీ మొత్తం మీద ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా. ఫైనల్‌లో డర్బీ కౌంటీని 6-0తో చిత్తు చేసింది. ఆ రికార్డును 2019లో మాంచెస్టర్ సిటీ సమం చేసింది గానీ దాటలేకపోయింది. తర్వాత తర్వాత మూడో మెట్టూ నాలుగో మెట్టూ మధ్య తిరుగుతూ, ఎవరి జోలికీ పోకుండా బతికింది. 2018 డిసెంబరులో కొత్త యజమాని ఈ క్లబ్బును ఎంతకు కొన్నాడో తెలుసా? ఒక్క పౌండుకు. మీట్ పై కూడా రాని డబ్బు. అప్పులు అప్పటికే కొండలా ఉన్నాయి. జీతాలు ఆగిపోయాయి. విచిత్రమేమిటంటే ఆ సీజన్‌లోనే జట్టు బాగా ఆడి, జీతాల్లేకుండానే లీగ్ వన్‌కు ఎక్కింది.

2019 ఆగస్టు. డబ్బు చూపించకపోతే లీగు నుంచి తీసేస్తామని గడువు పెట్టారు. క్లబ్బులో పూర్వం డైరెక్టరుగా చేసిన ఒకావిడ గిగ్ లేన్ గోడ మీది నీటి గొట్టానికి తన చేతికి బేడీ వేసుకుని నిరసన తెలిపింది. ఎవరో కొంటున్నారన్న వార్త వచ్చింది. శనివారం మ్యాచ్ ఉండొచ్చు! ఆఖరి రోజు, 27వ తేదీన, అభిమానులు వందల మంది చీపుళ్లూ బకెట్లూ పట్టుకుని వచ్చారు. కుర్చీలు తుడిచారు, గడ్డి కోశారు, గదులు కడిగారు. సాయంత్రానికి ఆ బేరం కుదరలేదు. రాత్రి ప్రకటన వచ్చింది. 125 ఏళ్లు లీగులో ఉన్న క్లబ్బును తొలగించారు. ఇంటికి రంగులు వేసి, గుమ్మానికి మామిడాకులు కట్టాక పెళ్లి ఆగిపోయినట్టు.

ఆ మరుసటి ఏడు మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ మూతపడింది. ఇలాంటివి ఆపడానికే ఫుట్‌బాల్ మీద స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలన్న చట్టం బ్రిటన్ పార్లమెంటులో 2025 జులైలో పూర్తయింది. క్లబ్బు కొనేవాడు ఎవడు, డబ్బు ఎక్కడిది అని అడిగే అధికారం ఆ సంస్థకు ఇచ్చారు. బరీ పోయాక ఆరేళ్లకు.

పడ్డవాళ్లు లేవలేరా అంటే, అక్రింగ్టన్ స్టాన్లీ ఉంది. 1962 మార్చిలో అప్పుల బాధతో సీజన్ మధ్యలోనే లీగుకు రాజీనామా ఉత్తరం రాసింది. వెంటనే పశ్చాత్తాపపడి వెనక్కి ఇవ్వమంటే లీగు కార్యదర్శి ఇవ్వనన్నాడు. ఆ ఖాళీలోకి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ వచ్చింది. క్లబ్బు మూతపడి, 1968లో మళ్లీ పుట్టి, ఎక్కడో అట్టడుగు స్థానిక లీగుల్లోంచి పాక్కుంటూ వచ్చింది. 1980ల చివర్లో ఓ పాల ప్రకటన వచ్చేది. పాలు తాగకపోతే అక్రింగ్టన్ స్టాన్లీకి ఆడుకోవాల్సిందేనని ఓ కుర్రాడు అంటాడు. అదెవరని రెండోవాడు అడుగుతాడు. దేశమంతా నవ్వింది. 2006లో అక్రింగ్టన్ తిరిగి లీగులోకి ఎక్కింది. ఆ ఏడాది లీగు నుంచి దిగిపోయిన ఇద్దరిలో ఒకరు... ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్! ఇలా రాస్తే కథల పోటీలో తిప్పి పంపేస్తారు.

ఎక్సెటర్ దారి వేరు. 2002లో అక్కడ మైకేల్ జాక్సన్‌ను గౌరవ డైరెక్టరును చేశారు. అవును, ఆ మైకేల్ జాక్సనే! చెంచాలు వంచే యూరీ గెల్లర్ అప్పట్లో క్లబ్బు పెద్దల్లో ఒకడు, అతని స్నేహంతో వచ్చాడు. ఏడాది తిరక్కుండా జట్టు లీగు నుంచి జారిపోయింది, క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది. అప్పుడు అభిమానులే తలా కొంత వేసుకుని క్లబ్బును నడపడానికి దిగారు. 2005లో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో నిలబెట్టి, ఆ రెండు మ్యాచ్‌ల టికెట్ల వాటాతో అప్పుల ఊబి నుంచి తేరుకున్నారు. ఈ క్లబ్బు కూడా మూడో మెట్టు దాటి ఎన్నడూ వెళ్లలేదు. టోడ్ లేన్ దుకాణం కిటుకు రోచ్‌డేల్ కన్నా ఎక్సెటర్‌కే బాగా ఒంటబట్టిందేమో. 36 ఏళ్లు నాలుగో మెట్టును కాపాడుకున్న రోచ్‌డేల్, 2023లో 102 ఏళ్ల తర్వాత లీగు నుంచే దిగిపోయింది. 'రోచ్‌డేల్ డివిజన్'లో రోచ్‌డేల్ లేకుండా పోయింది.

బరీలో ఏమైందంటే, తీసేసిన కొద్ది నెలలకే అభిమానులు బరీ ఏఎఫ్‌సీ పేరుతో కొత్త జట్టు కట్టి చిన్న చిన్న లీగుల్లో, అద్దె మైదానంలో ఆడటం మొదలెట్టారు. ఇంకో వర్గం గిగ్ లేన్‌ను కొని చేతిలో పెట్టుకుంది. ఒకరి దగ్గర జట్టు, ఒకరి దగ్గర ఇల్లు. కలిసిపోదామా అని 2022లో ఓట్లు పెడితే తగినన్ని పడలేదు. అన్నదమ్ముల తగువులాగే అయింది. 2023లో మళ్లీ పెట్టారు, ఈసారి పడ్డాయి. పాత పేరుతోనే, పాత మైదానంలోనే, తొమ్మిదో మెట్టు మీద బరీ మళ్లీ ఆడింది. గేటు దగ్గర వేలమంది. నాలుగేళ్లు తాళం పడి ఉన్న గిగ్ లేన్‌లో ఎవరి పాత కుర్చీ ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి కూర్చున్నారు.